లాకుల దగ్గర తడిసిన తల్లులు

మా పరుగుకి ఒక ఆనవాయితీ ఉండేది. తెల్లవారకముందే పాలకొల్లు శివార్లలో కలుసుకుని, కాలవ గట్టు మీద లాకుల దాకా పరుగెత్తేవాళ్ళం. లాకుల పక్కన, ఎవరూ ఉండని పాత క్వార్టర్సు ముందు ఒక బోరింగు ఉంది. వెనక్కి తిరిగేముందు ఒకరు కొడుతుంటే ఒకరు దాని కింద కూర్చుని నెత్తి నుంచి పాదాల దాకా తడిసేవాళ్ళం. నీళ్ళోడే ఆ చుడీదార్లతోనే, బాగా వెలుగొచ్చాక ఇళ్ళకి చేరేవాళ్ళం. పాలకేంద్రానికి వెళ్ళేవాళ్ళు, చేలకి పోయేవాళ్ళు మొదట్లో మమ్మల్ని చూసి విస్తుపోయారు. తర్వాత, పరిగెత్తితే వేడి చేస్తుంది కాబోలు అని వాళ్ళకి వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. ఎవరైనా అడిగితే మేమూ అదే చెప్పేవాళ్ళం.

మేం ముగ్గురం. ఈ పరుగు మొదలుపెట్టింది మండలాఫీసులో పనిచేసే అక్క. యాభైకి దగ్గరపడిన మనిషి, ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేసేసింది. రెండో ఆవిడ భర్తతో కలిసి మందుల షాపు నడుపుతుంది, కవలపిల్లల తల్లి. మూడోదాన్ని నేను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకొక అమ్మాయి, ఒక అబ్బాయి. అబ్బాయి పుట్టినప్పుడే బొద్దుగా, బరువుగా ఉన్నాడు. నర్సమ్మ వాణ్ణి రెండు చేతులా ఎత్తి చూపించి, నీ కొడుకు నడిచొచ్చేటట్టున్నాడమ్మా అంది. ఆ కాన్పు నన్ను ఊరికే వదల్లేదు.

నాకు వేడీ లేదు, గాడిద గుడ్డూ లేదు. పరిగెత్తితే నాకు మూత్రం ఆగేది కాదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ ఈ ఒక్క మాట నోటితో అనడానికి నాకు ఏళ్ళు పట్టింది.

మొదట్లో తుమ్మితేనే. తర్వాత దగ్గితే. స్టాఫ్ రూములో ఎవరైనా గట్టి జోకు వేస్తే నేను కాళ్ళు మెలేసుకుని, బిగుసుకుని నవ్వేదాన్ని. నాకు గర్వమనుకున్నారు కొందరు. అనుకోనీ అని ఊరుకున్నాను. కాన్పుల తర్వాత ఇంతే, ఆడదానికి ఇవన్నీ మామూలే అని మా అమ్మ ఎప్పుడో అన్న మాటని పట్టుకుని నెట్టుకొచ్చాను.

అలాంటిదాన్ని పరుగులోకి ఎందుకు దిగానంటే, ఒళ్ళు తగ్గుదామని. ఒళ్ళు పెద్దగా తగ్గలేదు. దొరికింది వేరేది. గట్టు మీద ఆ గంటసేపు నన్ను ఎవరూ పిలవరు. అమ్మా అనరు, టీచర్ అనరు, ఏమే అనరు. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేలు, మధ్యలో నా ఊపిరి చప్పుడు. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకునేసరికి మనసు ఉతికి ఆరేసినట్టుండేది. మా అమ్మాయి ఓ రోజు వాళ్ళ నాన్నతో, "నాన్నా, అమ్మ పరిగెత్తిన రోజు కేకలెయ్యదు, గమనించావా?" అనడం విన్నాను. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు, ఆ రోజు పరిగెత్తి వచ్చాను కదా.

అందుకే దాన్ని వదులుకోలేక నానా తంటాలూ పడ్డాను. నల్ల లెగ్గింగులే కొన్నాను. ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్ళు మానేశాను. నాలిక పిడచకట్టుకుపోయి, మొదటి పీరియడ్‌కే తలనొప్పి వచ్చి, చాక్‌పీసు పట్టుకుని గోడకి ఆనుకున్న రోజులున్నాయి. ప్యాడ్లు పెట్టుకుంటే తొడలు ఒరుసుకుపోయేవి. వెళ్ళేటప్పుడు చీకటి కాబట్టి ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడే వెలుగు. ఆ వెలుగంటే నాకు దడ.

ఆ స్థితిలో నన్ను కాపాడింది అక్క మొదలుపెట్టిన ఆ బోరింగు స్నానమే. నేను చేరేసరికే ఆ అలవాటుంది. మొదటిరోజు అక్క నన్ను పంపు కింద కూర్చోమన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళంతా తడిసినదాన్ని ఎక్కడ తడిసిందని ఎవరడుగుతారు? దేవుడే ఈ ఏర్పాటు చేశాడనుకుని ఆ ఆదివారం గుళ్ళో మోకరించినప్పుడు మనసులో బోరింగుకి కూడా స్తుతి చెప్పుకున్నాను. మాది లూథరన్ కుటుంబం. మూడు తరాలుగా అదే గుడి. అందులో బోరింగు కోసం స్తోత్రం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను.

అంతా బాగానే ఉంది, చలికాలం వచ్చేదాకా.

జనవరిలో రాజమండ్రిలో పరుగు పోటీ ఉందని అక్క చెప్పింది. గోదావరి గట్టు మీద హాఫ్ మారథాన్, ఇరవై ఒక్క కిలోమీటర్లు. "ముగ్గురం వెళ్దాం. నేను బతికుండగా ఒక్కసారైనా మెడలో ఆ పతకం వేసుకోవాలి," అంది. మందుల షాపావిడ సరేనంది, కాస్త నసుగుతూనే. నేను మాత్రం వెంటనే, "ఆదివారం కదక్కా, ఆరాధన మానలేను," అనేశాను. భక్తి నా అక్కరకి అంత చురుగ్గా ఎప్పుడూ రాలేదు.

అసలు సంగతి మంచు. జనవరి ఉదయం గోదావరి ఒడ్డున పొగమంచు కమ్ముకుని, జనం స్వెట్టర్లేసుకుని చప్పట్లు కొడుతుంటే, నేను నెత్తిన నీళ్ళు ఎందుకు కుమ్మరించుకుంటున్నానని చెప్పను? పైగా అక్కడ ఫొటోలు తీస్తారట. పోటీ మాట అటుంచి, గట్టు మీద కూడా ఈ వేషం ఎన్నాళ్ళు సాగుతుంది? మా అత్తగారు అప్పటికే రోజూ అంటోంది, "అమ్మాయ్, రొంప పడుతుందే, ఆ తడిబట్టలేంటే" అని. ఆలోచించి ఆలోచించి, క్రిస్మస్ సెలవుల్లో అక్కతో మోకాళ్ళ నొప్పులని చెప్పి పరుగు మానేద్దామని నిశ్చయించుకున్నాను. ఆ రాత్రి నా బూట్లు తీసి మంచం కింద లోపలికి తోసేస్తుంటే ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషిని, బూట్ల కోసం ఏడవడం ఏంటని నన్ను నేనే తిట్టుకున్నాను.

సెలవులు ఇంకా ఇవ్వలేదు. అక్కతో ఎలా చెప్పాలా అని నేను రోజులు నెడుతుండగా గుంపులోకి నాలుగో మనిషి వచ్చి చేరింది.

నరసాపురం పిల్ల. పుట్టింటివాళ్ళు తరతరాలుగా సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే పల్లెకారులు. మా ఊరి కోడలై వచ్చి, అత్తింటివాళ్ళతో కలిసి చేపల వ్యాపారం చూసుకుంటోంది. ఒళ్ళో ఏడాది నిండిన పాప. స్కూల్లో కబడ్డీ ఆడిందట, కాళ్ళలో ఆ బిగువు ఇంకా ఉంది. గొంతు మాత్రం చేపల వేలంపాటలో గొంతే. గట్టు మీద తను గుసగుసలాడితే అవతలి గట్టున కొంగలు లేచేవి.

వచ్చిన వారంలోనే ఒక ఉదయం, లాకుల దగ్గర నీళ్ళ మీంచి పొగలా మంచు లేస్తోంది. అక్క బోరింగు కొడుతోంది. చలికాలం బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, అదొక్కటే మా అదృష్టం. మందుల షాపావిడ పంపు కింద గొంతుక్కూర్చుంది. నేను నా వంతు కోసం వణుకుతూ నిలబడ్డాను. ఈ పిల్ల నడుమున చేతులు పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏంటండీ బాబూ ఇది? ఇంత చలిలో నెత్తి మీద నీళ్ళేంటండీ? ఒంట్లోకి నెమ్ము చేరితే పిల్లల్నెవరు చూస్తారు?"

"వేడమ్మా," అంది అక్క. "పరిగెడితే లోపల వేడి పుట్టేస్తుంది."

"నాకేం పుట్టలేదండీ. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నాకున్నదల్లా ఒకటే, కాన్పయిన దగ్గర్నించీ పరిగెడితే చాలు, ఉచ్చ ఆగదు. ఇదిగో, ఇప్పుడూ తడిసే ఉన్నాను. ఇంటికెళ్ళి మార్చుకుంటాను, అయిపోద్ది. అంతేగానీ ఇలా నిలువునా..."

అక్కడ ఆగిపోయింది. మా మొహాలు చూసింది.

అక్క చేతిలో పంపు పిడి పైనే నిలిచిపోయింది. గొట్టంలోంచి చివరి నీళ్ళు మందుల షాపావిడ నెత్తి మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, ఆవిడ కదల్లేదు. తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురం ఎవరి వంకా చూడకుండా కాలవకేసి చూస్తున్నాం. లెక్కల టీచర్ని, ఒకటీ ఒకటీ కూడి చూసుకోవడానికి నాకంతసేపు పట్టింది.

"నాకు పెద్దమ్మాయి పుట్టిన దగ్గర్నించీ," అంది అక్క చివరికి. పిడి పట్టుకునే ఉంది. "మీరిద్దరూ నిజంగా వేడికే పోసుకుంటున్నారనుకున్నానే నేను."

"నేనూ అలాగే అనుకున్నానక్కా," అంది మందుల షాపావిడ పంపు కిందనుంచే. "మా షాపులో పెద్దవాళ్ళ ప్యాడ్లు పైఅరలో ఉంటాయి. రోజూ ఎవరెవరికో కాగితంలో చుట్టి ఇస్తాను. నాక్కావాలంటే ఆయన భోజనానికి వెళ్ళేదాకా ఆగి, స్టూలెక్కి దొంగతనంగా తీసుకుంటాను. నా షాపులో నేనే దొంగని."

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నవ్వడమంటే అలాంటిలాంటి నవ్వు కాదు. అక్క పిడి వదిలేసి గట్టు మీద కూలబడింది. "నవ్వించకండర్రా, ఇంకా పోతుంది!" అని మందుల షాపావిడ పొట్ట పట్టుకుంది. పోతే పోయింది! నేను కాళ్ళు మెలేసుకోకుండా, నోరు మూసుకోకుండా, ఏళ్ళ తర్వాత బారుగా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నాలో ఏదో చెడిపోయిందనుకున్నాను. ఇంతమందిలో నేనొక్కదాన్నే అనుకున్నాను. నా పక్కన రోజూ పరిగెత్తిన వాళ్ళిద్దరూ అదే అనుకుంటూ, నాలాగే నీళ్ళు మానేసి, నాలాగే నల్లబట్టలు కట్టుకుని, అదే పంపు కింద కూర్చున్నారు. తలుచుకుంటే జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

మమ్మల్ని రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆ పిల్లే. కాన్పు అక్కడి ఆసుపత్రిలో అయిందట, అప్పుడే ఈ డాక్టరమ్మ రమ్మన్నా తనే పనిలో పడి మళ్ళీ వెళ్ళలేదట. నలుగురం ఒకేసారి గదిలోకి వెళ్ళి కూర్చుంటే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, జబ్బు ఎవరికండీ అంది. నలుగురికీ అన్నాం. ఆవిడ ఏమాత్రం తడబడకుండా ఒక్కొక్కరినే అడిగింది.

"పిల్లలెంతమందండీ?"

అదొక్కటే ప్రశ్న. మేం చెబుతుంటే తలూపుతూ రాసుకుంది. ఎన్నేళ్ళ నుంచి దాచుకున్నారు, ఎందుకు చెప్పలేదు అని అడగనేలేదు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ ప్రేమే. తర్వాత నెమ్మదిగా వివరించింది. కాన్పుల్లో కింది కండరాలు సాగుతాయి, వాటికి పని చెబితే మళ్ళీ బిగుస్తాయి. మూత్రాన్ని మధ్యలో ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించి పట్టుకోవాలి, తర్వాత వదలాలి. అదే పనిగా, రోజూ, నెలల తరబడి. నీళ్ళు మాత్రం మానకూడదు, మానితే ఇంకా మంట, ఇంకా తొందర. పరుగు మానక్కర్లేదు, కొన్నాళ్ళు తగ్గించుకుంటే చాలు.

"అయితే జనవరిలో పోటీకి వెళ్ళొచ్చా?" అని నా నోట్లోంచి వచ్చేసింది. అక్క నా వంక గిరుక్కున తిరిగి చూసింది.

"ఈ జనవరికి వద్దు. పై జనవరికి భేషుగ్గా వెళ్ళండి," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక అక్క నన్ను పట్టుకుంది. "ఆరాధన మానలేవుగా?" అని దెప్పింది. చెరుకురసం బండి దగ్గర ఆగి ఒక పెద్ద గ్లాసు తాగాను. మధ్యాహ్నం పూట, ఇంటికి దూరంగా, బస్సు ఎక్కాల్సిన మనిషిని! అంత ధైర్యం నాకు ఎక్కణ్ణించి వచ్చిందో.

ఆ కసరత్తులో గొప్పతనం ఏంటంటే, చేస్తున్నట్టు ఎవరికీ తెలీదు. పరీక్ష హాల్లో పిల్లలు లెక్కలతో కుస్తీ పడుతుంటే బెంచీల మధ్య నడుస్తూ చేసేదాన్ని. బస్సులో చేసేదాన్ని. అన్నింటికంటే బాగా కుదిరింది గుళ్ళో. మా పాస్టరు అయ్యగారి ప్రసంగం పొడుగు. పూర్వం గడియారం చూసుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కో అంశానికీ కొన్నిసార్లు బిగించి, కొన్నిసార్లు వదిలి, ప్రసంగం ముగిసేసరికి ఆ రోజు వంతు పూర్తి చేసేదాన్ని.

ఓ ఆదివారం ఇంటికొచ్చాక మా అత్తగారు తెల్లచీర మడత పెడుతూ అడిగింది. "అమ్మాయ్, కడుపులో నొప్పా? ప్రసంగంలో అలా బిగుసుకుని కూర్చున్నావేంటే?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. ఆవిడ ముందు ఇలాంటి మాట ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ గట్టు మీద ఆ ఉదయం తర్వాత నాకు దాచడమంటేనే విసుగు పుట్టింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను, బోరింగుతో సహా. ఆవిడ చీర మడత ఆపేసింది. తప్పు చేశాననుకున్నాను.

"నేను గుళ్ళో తలుపు దగ్గర వెనక బెంచీలో ఎందుకు కూర్చుంటాననుకున్నావ్?" అంది.

"మోకాళ్ళ నొప్పులని కదండీ..."

"మోకాళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి. మీ ఆడపడుచు పుట్టిన దగ్గర్నించీ అక్కడే కూర్చుంటున్నాను. పొరుగూళ్ళలో ప్రార్థన కూటాలకెళ్ళడం కూడా అందుకే మానేశాను. బస్సులో అంతసేపు ఎలా?" గొంతు తగ్గించి, "ఎలా చెయ్యాలే అది? ఈ వయసులో చేస్తే పన్జేస్తుందంటావా?" అంది.

ఎలా చెయ్యాలో చెప్పాను, మా ఆయన చెవిన పడకుండా వంటగది తలుపు మూసి. తర్వాతి ఆదివారం ప్రసంగం మధ్యలో వెనక్కి తిరిగి చూద్దును కదా, మా అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, కనుబొమలు ముడిచి, మహా దీక్షగా కూర్చుని ఉంది. బయటికొచ్చేటప్పుడు అయ్యగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఈ రోజు వాక్యం మిమ్మల్ని బాగా తాకినట్టుందమ్మా," అన్నారు. మేమిద్దరం ఇంటిదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు, నవ్వితే మళ్ళీ ప్రమాదం.

నెలలు గడిచాయి. ఒక్కసారిగా ఏమీ మారలేదు. ఒకరోజు తుమ్మాక గాని నాకు తెలీలేదు, ఏమీ కాలేదని. ఇంకోరోజు లాకుల దాకా వెళ్ళి, బోరింగు దగ్గర ఆగి, దోసిలి పట్టి నీళ్ళు తాగి వెనక్కి తిరిగాం. తాగడానికి ఆ పంపు వాడడం అదే మొదలు. మంచం కింద లోపలికి తోసిన బూట్లు అప్పటికే అరిగిపోయి, కొత్తవి కొనుక్కున్నాను.

మళ్ళీ జనవరి వచ్చింది. ఆదివారం ఆరాధన సంగతి ఇంట్లో నేనే ఎత్తబోయాను. మా అత్తగారు మాట పడనివ్వలేదు. "దేవుడు పై ఆదివారం కూడా గుళ్ళోనే ఉంటాడు గానీ, నువ్వు వెళ్ళిరా. నీ బదులు ముందు బెంచీలో నేను కూర్చుంటాలే," అంది. ముందు బెంచీ అన్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న ధీమా విని, పతకం రాకపోయినా ఫర్వాలేదనిపించింది నాకు.

రాజమండ్రిలో ఆ ఉదయం గోదావరి కనబడలేదు. మంచులో వంతెన సగం దాకా ఉండి మాయమైంది. నలుగురం కలిసే మొదలయ్యాం. నరసాపురం పిల్ల కాసేపట్లోనే దూసుకుపోయింది, దాని గొంతు మాత్రం ముందునుంచి వినబడుతూనే ఉంది. అక్క, మందుల షాపావిడ నిదానంగా వెనక వస్తున్నారు. నేను మధ్యలో ఒంటరిగా, నా ఊపిరి చప్పుడు వింటూ సాగాను. సగం దాటాక కాస్త తడి తెలిసింది. తెలిస్తే తెలిసింది, నేను పరుగు ఆపలేదు. మునుపటితో పోలిస్తే అది లెక్కలోకి రాదు, వచ్చినా నాకు లెక్కలేదు.

ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా మంచినీళ్ళ బల్ల దగ్గర ఒక సీసా అందుకున్నాను. ఆగి, నింపాదిగా తాగుతున్నాను. బల్లకి అవతల చివర ఒకావిడ కనబడింది. నా వయసే ఉంటుంది. నల్ల లెగ్గింగు, పొడుగు చొక్కా. అటూ ఇటూ చూసి, చేతిలో సీసా వంచి, నడుము మీద, తొడల మీద నీళ్ళు పోసుకుంటోంది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. నీళ్ళిచ్చే కుర్రాళ్ళలో ఒకడు వింతగా చూస్తే, "వేడండీ, వేడి," అని నవ్వబోయింది.

ఆ నవ్వు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి అద్దంలో చూసిందే.

ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. నా సీసాలో మిగిలిన నీళ్ళన్నీ నా నడుము మీద కుమ్మరించుకున్నాను. చన్నీళ్ళు! ఊపిరి ఆగినంత పనయింది. ఆవిడ బిత్తరపోయి నన్ను చూసింది.

"పిల్లలెంతమందండీ?" అని అడిగాను.

ఆవిడ నా తడిసిన బట్టలు చూసింది, తన బట్టలు చూసుకుంది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మొహంలో బిగువంతా ఒక్కసారిగా సడలిపోయింది.

"ముగ్గురండీ," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకిద్దరు. దీనికి మందుంది, దారిలో చెబుతాను, పదండి," అన్నాను.

పక్కపక్కనే పరుగెత్తాం. తడిబట్టల్లో చలికి నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఎలా చెయ్యాలో చెబుతుంటే మాట వణుకుతోంది. మధ్యలో మా అత్తగారు గుళ్ళో ప్రసంగమప్పుడు పట్టిన దీక్ష సంగతి చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వాక ఒక్క క్షణం కంగారుపడి, నన్ను చూసి, మళ్ళీ నవ్వింది.